అందరూ అందరినీ అనుసరించవలెను

కమిషనర్ విరూపాక్షం గారు కొండ ప్రాంతంలో జరిగిన ఒక సదస్సుకు వెళ్లి ఒక శాలువా, ఒక జ్ఞాపిక, ఒక మాట పట్టుకుని తిరిగొచ్చారు. శాలువా ఇంట్లో ఇచ్చారు. జ్ఞాపిక బల్ల మీద పెట్టారు. మాటను శాఖ మీద పెట్టారు. ఆ మాట వికేంద్రీకరణ.

వారసంతల పర్యవేక్షణ శాఖ అనేది ఒకటుందని చాలామందికి తెలియదు. ఏ సంతలో టమోటా ఎంత పలికింది, ఉల్లి ఎంత పలికింది, గొర్రె ఎంత పలికింది కనుక్కుని రైతులకు చెప్పడం దాని పని. ప్రధాన కార్యాలయం కొత్తగిరిలో, టమోటా యార్డు గోడకు ఆనుకుని ఉంటుంది. చుట్టుపక్కల జిల్లాల్లో అరవై సంత కార్యాలయాలున్నాయి. ఇంత శాఖకూ ఉన్నది ఒకే ఒక సర్వరు. దాని మీద ధరల బోర్డు నడిచేది. ఏ యార్డు రేటు ఆ యార్డు గుమస్తా నేరుగా అందులో ఎక్కించేవాడు. రైతు పొద్దున్నే ఫోన్లో చూసుకుని, సరుకు కొత్తగిరిలో దింపాలా, పక్క యార్డుకు తోలాలా తేల్చుకునేవాడు.

ఆ సర్వరును కనిపెట్టుకుని ఉండే ఇంజనీరు పేరు వకుళ. కాంట్రాక్టు ఉద్యోగం. ఏటా మార్చి వచ్చేసరికి ఆమె ముఖంలో కొంత వినయం పెరిగేది, ఏప్రిల్లో కాంట్రాక్టు పొడిగించాక తగ్గేది. చదువుకునే రోజుల్లో ఇలాంటి వికేంద్రీకృత వ్యవస్థల గురించి గంటలకొద్దీ వాదించిన మనిషి. అందుకే కమిషనర్ గారు సమావేశంలో ఆ మాట పలికినప్పుడు, మనస్ఫూర్తిగా చప్పట్లు కొట్టింది ఆమె ఒక్కతే. మిగతావాళ్లూ కొట్టారు గానీ, అది జీతంలో భాగం.

"ఒక్క సర్వరు!" అన్నారు కమిషనర్ గారు. "స్వాతంత్ర్యం వచ్చి ఇన్నేళ్లయినా ఇంకా ఒక్క సర్వరు! ఇది రాచరికం కాదా, తిప్పేస్వామీ?"

"పచ్చి రాచరికం సార్," అన్నారు డిప్యూటీ డైరెక్టర్ తిప్పేస్వామి గారు. పోయిన ఏడాది అదే సర్వరుకు కుంకుమ పెట్టి కొబ్బరికాయ కొట్టింది ఆయనే.

"ఇకపై ప్రతి కార్యాలయానికీ సొంత సర్వరు. ప్రతి కార్యాలయం సార్వభౌమం. ఉద్యోగులంతా తమ భావాలను స్వేచ్ఛగా, క్రమశిక్షణతో పంచుకునేందుకు ఒక సామాజిక వేదిక. దాని పేరు సంతవాణి. ఇది ఎలా నడుస్తుందో చెప్పగలవారు ఎవరైనా ఉన్నారా?"

ఉన్నది వకుళ. లేచి బోర్డు మీద సున్నాలు గీసింది. ఒక్కో సున్నా ఒక్కో కార్యాలయం. పులికొండ కార్యాలయంలో ఎవరైనా ఒక కబురు రాస్తే అది పులికొండ సర్వరులోనే ఉంటుంది. వేరే ఊళ్లో ఎవరైనా ఆ మనిషిని అనుసరిస్తుంటే, ఆ ఊరి సర్వరుకు ఒక నకలు వెళ్తుంది. అనుసరించేవాళ్లు లేని ఊరికి వెళ్లదు.

"అంతే సార్. ఎంతమంది అనుసరిస్తే అంత బరువు. మామూలుగా మనుషులు తమకు పనికొచ్చే కొద్దిమందినే అనుసరిస్తారు. కాబట్టి చిన్న చిన్న మెషీన్లు సరిపోతాయి," అంది. బాణం గుర్తులకు రంగులు కూడా వేసింది. జీవితంలో అంత బాగా ఏదీ వివరించలేదనిపించింది ఆమెకు.

కమిషనర్ గారు కళ్లజోడు తీశారు. ఆయన కళ్లజోడు తీశారంటే మానవత్వం బయటికి వస్తోందని శాఖలో అందరికీ తెలుసు.

"అంటే, ఎవరూ అనుసరించని ఒక చిన్న ఉద్యోగి మాట ఆ ఊళ్లోనే ఉండిపోతుందా?"

"అవును సార్. అదే దీని సుఖం."

"అది వివక్ష అమ్మా."

సాయంత్రానికి ఉత్తర్వు వెలువడింది. "ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, సంతవాణి యందు ఏ ఉద్యోగియు అనుసరణకు నోచుకొనని దుస్థితి తలెత్తరాదు గావున, అందరూ అందరినీ అనుసరించవలెను. అనుసరించనివారిపై తగు చర్య అనుసరించును."

తర్వాత సర్వర్లు వచ్చాయి. పులికొండ కార్యాలయం ఒకే గది. ఆ గదిలో సంత అధికారిణి గౌసియా బేగం గారు, ఆమె బల్ల, ఇద్దరు గుమస్తాలు, తూనికరాళ్ల బీరువా ఎలాగో సర్దుకుని బతుకుతున్నారు. ఆమె వకుళకు ఫోన్ చేసింది.

"మేడం, బీరువా మాదిరి ఇనప పెట్టె ఒకటి దింపి పోయినారు. యాడ పెట్టల్ల దీన్ని?"

"చల్లటి చోట పెట్టండి మేడం. దానితో పాటు ఏసీ కూడా వస్తుంది."

"ఏసీనా? ఎవరికి?"

"సర్వరుకు."

"పన్నెండేండ్లుగా ఫ్యాను అడుగుతాండా మేడం నేను," అంది గౌసియా బేగం, కోపం లేకుండా, కేవలం సమాచారం కోసం.

మనుషులకు ఏసీ మంజూరు చేసే నిబంధన శాఖలో లేదు. యంత్రానికి ఉంది. కాబట్టి అరవై ఊళ్లలోనూ ఒకే పరిణామం జరిగింది. సర్వరు ఏసీ కిందికి ముందు అధికారి బల్ల వచ్చింది, తర్వాత గుమస్తాల బల్లలు వచ్చాయి, మిట్టమధ్యాహ్నం ఎండకు తాళలేక రేటు కనుక్కునే నెపంతో రైతులు వచ్చారు, కొన్నిచోట్ల గొర్రెలు వచ్చాయి. అన్ని ఊపిర్ల వేడికి సర్వర్లు ఆయాసపడ్డాయి. వాటికి ఇంకో ఏసీ మంజూరైంది. ఇంకొంతమంది వచ్చారు.

సంతవాణి ప్రారంభమైన ఉదయం కమిషనర్ గారు తామరపువ్వు బొమ్మతో "శుభోదయం" అని పెట్టారు. అరవై సర్వర్లకు అరవై నకళ్లు వెళ్లాయి. అంతా సాఫీగా ఉంది. వకుళ తన తెర మీద సర్వర్ల బరువు చూపించే గీత కొంచెం లేచి పడుకోవడం చూసి, తల్లి బిడ్డను చూసినట్టు మురిసిపోయింది.

పది నిమిషాలకు తిప్పేస్వామి గారికి సందేహం వచ్చింది. శుభోదయం ఉద్యోగులకు అందిందో లేదో ఎలా తెలుస్తుంది? వెంటనే అనుబంధ ఉత్తర్వు: ప్రతి ఉద్యోగీ "అందినది" అని సంతవాణిలో బదులు రాయాలి. శాఖలో నాలుగు వందల మంది. నాలుగు వందల "అందినది"లు. అందరూ అందరినీ అనుసరిస్తున్నారు కనుక ఒక్కోటీ అరవై సర్వర్లకు వెళ్లింది. ఇరవై నాలుగు వేల నకళ్లు.

గీత లేచి మళ్లీ పడుకోలేదు.

వకుళ తిప్పేస్వామి గారి గదికి పరుగెత్తేసరికి ఆయన రెండో సందేహంలో ఉన్నారు. "అందినది అనేది అధికారిక ప్రత్యుత్తరమా, కాదా? అధికారికమైతే, అది అందినట్టు కూడా తెలపాలి కదమ్మా?"

"వద్దు సార్! దండం పెడతాను. అలా చేస్తే నాలుగు వందల మంది, నాలుగు వందల అందినదిలకు..."

"అంటే అనధికారికమంటావా? నాలుగు వందల మంది ప్రభుత్వ ఉద్యోగులు విధి నిర్వహణలో రాసినదాన్ని అనధికారికమని నేను ఎలా సంతకం పెట్టను?"

పెట్టలేదు. "అందినది అందినది" అని రాయాలని ఉత్తర్వు వచ్చింది. మధ్యాహ్నానికి వకుళ లెక్క చూసుకుంది. ఒక్క శుభోదయానికి తొంభై ఆరు లక్షల నకళ్లు అరవై ఊళ్ల మధ్య తిరుగుతున్నాయి. పరుగున వెళ్లి కమిషనర్ గారికి ఆ అంకె చెప్పింది.

కమిషనర్ గారు కుర్చీలోంచి లేచారు. "ఒక్క శుభోదయానికి తొంభై ఆరు లక్షల కార్యకలాపాలా! పత్రికా ప్రకటన రాయండి."

అంతవరకు నవ్వుకోవచ్చు. సర్వర్లు ఉన్నవే పని చేయడానికి. కానీ మరుసటి వారం కమిషనర్ గారికి శాఖ అసలు పని గుర్తొచ్చింది. తెల్లవారుజామున నడకకు వెళ్తూ, "మన ధరల బోర్డు చూడండి, చూపించండి" అని రాసి, కింద బోర్డు లింకు పెట్టారు.

ఇలాంటి వేదికల్లో ఒక అలవాటుంది. కబురులో లింకు కనిపిస్తే, దాని కింద చిన్న బొమ్మ చూపించడం కోసం సర్వరు తనే వెళ్లి ఆ లింకు తలుపు తట్టి తొంగి చూసి వస్తుంది. అరవై సర్వర్లు ఒక్కసారి తొంగి చూస్తే ఏమీ కాదు. కానీ నాలుగు వందల మంది భయభక్తులతో, ఆ లింకును మళ్లీ పెట్టి మరీ, "అందినది" అన్నారు. ఒక్కో అందినదికి అరవై సర్వర్లూ మళ్లీ మళ్లీ వెళ్లి తలుపు తట్టాయి. ధరల బోర్డు పాత మెషీను మీద ఉంది. ఒక్క నిమిషంలో ఇరవై నాలుగు వేల తట్లు తిని అది నేలకూలింది.

సరిగ్గా యార్డులో వేలంపాట మొదలయ్యే వేళ.

వకుళ గది కిటికీ యార్డులోకి తెరుచుకుంటుంది. కిటికీ కింద పెద్దక్క తన టెంపో దగ్గర నిలబడి ఉంది. కొండకింద రెండెకరాల టమోటా రైతు ఆమె. మొగుడు పోయాక కౌలుకు ఇంకో ఎకరం కూడా పట్టింది. ఫోను ఒక చేత్తో పట్టుకుని, ఇంకో చేత్తో దాని వీపు మీద చరుస్తోంది.

"వకులమ్మా! బోర్డు పల్లేదే! సక్రం తిరగతానే ఉండాది!"

"ఒక్క నిమిషం పెద్దక్కా! లేపుతున్నా!"

సరుకు కొనే మండీ మనిషి అప్పటికే పెట్టెలో చెయ్యి పెట్టి కాయ తిప్పి చూస్తున్నాడు. "పక్క యార్డులో పడిపాయక్కా రేటు. బాక్సు నూటయాభై అంట. ఈడైతే నూటడెబ్భై ఇస్తా, నీ మొగం చూసి."

వకుళ సర్వరును లేపింది. లేచిన మరుక్షణం సర్వర్లు మళ్లీ తలుపు తట్టాయి. మళ్లీ పడింది. మూడోసారి లేపేసరికి పాట అయిపోయింది. పక్క యార్డు రేటు మూడు వందల నలభై అని బోర్డు మీద తాపీగా వెలిగింది. పెద్దక్క దాన్ని చూసింది, ఖాళీ టెంపోను చూసింది, కిటికీ వైపు చూసింది. ఏమీ అనలేదు. ఏదైనా అని ఉంటే బాగుండేదని వకుళకు ఆ రోజంతా అనిపించింది. గీసిన రంగుల బాణాలన్నీ గుర్తొచ్చి అన్నం సహించలేదు.

మరునాడు కమిషనర్ గారి ముందు నిలబడి ఉన్నది ఉన్నట్టు చెప్పింది. "బోర్డు పడిపోయింది సార్. రైతులు నష్టపోయారు."

"ఎంతమంది చూశారు?"

"మనుషులెవరూ చూడలేదు సార్. మన సర్వర్లే వచ్చి చూశాయి. వాటి తొక్కిడికి పడిపోయింది."

"ఎన్ని సందర్శనలు?"

"ఇరవై నాలుగు వేలు."

"రైతు లోకం ఆదరణ తట్టుకోలేక బోర్డు తాత్కాలికంగా వినమ్రమైంది అని రాయండి," అన్నారు కమిషనర్ గారు. "ఇకపై ఆ లింకు రోజూ తెల్లవారుజామునే పెడదాం. ఆదరణను మధ్యలో వదిలేయకూడదు."

అయినా ఆయన మొండిమనిషి కాదు. బరువు ఎక్కువైందని వకుళ పదే పదే మొత్తుకుంటే, భార నివారణ ఉపసంఘం వేశారు. అధ్యక్షులు తిప్పేస్వామి గారు. సంఘం చల్లటి సర్వరు గదిలో కూర్చుని, బజ్జీలు తిని, ఒక మార్గం కనిపెట్టింది. ప్రతి కార్యాలయం అరవై చోట్లకు నకళ్లు పంపడం వల్ల కదా ఈ బరువు? కాబట్టి అందరూ ఒక్క పెద్ద యంత్రానికి పంపితే చాలు. అదే అందరికీ పంచుతుంది. ఆ యంత్రం ప్రధాన కార్యాలయంలో ఉంటుంది.

"సార్, అది మళ్లీ పాత ఒక్క సర్వరే కదా? పంచే బరువంతా దాని ఒక్కదాని నెత్తిన పడుతుంది," అంది వకుళ.

"పొరపాటు పడుతున్నావమ్మా. పాతది కేంద్రం. ఇది వికేంద్రీకృత కేంద్రం."

వికేంద్రీకృత కేంద్రం లారీలో వచ్చింది. దాన్ని లోపలికి దించడానికి గోడ పగలగొట్టారు. అది ఆన్ చేసినప్పుడల్లా యార్డులో లైట్లు మసకబారేవి. పక్కనున్న పిండిమర వాడు బయటికొచ్చి ఆకాశం వంక చూసేవాడు. అరవై ఊళ్ల శుభోదయాలు, అందినదిలు, అందినది అందినదిలు అన్నీ దాని గొంతులోంచే పోవాలి. వారం తిరగకుండా దానికి గొంతు పట్టేసింది. సోమవారం శుభోదయం గురువారం రాత్రి భోజనాల వేళకు అందేది. ఉద్యోగులు విధేయులు కనుక ఆ వేళప్పుడు లేచి ముఖం కడుక్కున్నారు.

ఉపసంఘం మళ్లీ కూర్చుంది. ఈసారి పూర్తిగా అవతలి కొసకు వెళ్లింది. అసలు కార్యాలయానికి సర్వరు ఎందుకు? ప్రతి ఉద్యోగి ఫోనే ఒక సర్వరు. అందరి కబుర్లూ అందరి ఫోన్లలో ఉంటాయి, నేరుగా ఒకరి నుంచి ఒకరికి పోతాయి. మధ్యలో ఎవరూ ఉండరు. "ఉద్యోగే సర్వరు, సర్వరే ఉద్యోగి" అని నినాదం రాసి గోడకు కట్టారు.

రెండో రోజు గౌసియా బేగం ఫోన్ చేసింది. మాట్లాడుతుంటే మధ్యమధ్యలో ఫోనును ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంటున్నట్టు తెలుస్తోంది.

"మేడం, ఫోను దోసె పెనం మాదిరి కాల్తాండాది. మా గుమస్తా జేబులో పెట్టుకుంటే చొక్కా ఇస్త్రీ అయిపాయ. బాగానే అయ్యింది, మడత కూడా నిలబడింది. కానీ లోపల మనిషి ఉన్నాడు కదా?"

శాఖ వెంటనే స్పందించింది. ప్రతి ఉద్యోగికీ ఒక తడిగుడ్డ మంజూరైంది. తడిగుడ్డ తడి ఆరకుండా చూసేందుకు కార్యాలయానికి ఒక కూజా. ఫోను వేడికి వడదెబ్బ తగిలితే సెలవు ఇచ్చేందుకు నియమావళి. సంతల్లో మా శాఖ ఉద్యోగులను దూరం నుంచే గుర్తుపట్టవచ్చునని, ఛాతీ మీద ఆవిరి లేస్తుంటుందని తిప్పేస్వామి గారు ఒక సభలో గర్వంగా చెప్పారు.

మూడు పద్ధతులూ చూశాక, వీటిలో ఏది మేలని కమిషనర్ గారు సమావేశంలో అడిగారు. ఒకరు మొదటిదన్నారు, ఒకరు రెండోదన్నారు. కమిషనర్ గారు కళ్లజోడు తీశారు.

"ఏ ఒక్కదాన్ని తిరస్కరించినా అది కేంద్రీకృత ఆలోచనే అవుతుంది. మూడూ ఉండాలి. ఏకకాలంలో."

అలా సమన్వయ నమూనా పుట్టింది. కార్యాలయాల సర్వర్లు ఒకదానికొకటి పంపుకునేవి. వాటితో పాటే వికేంద్రీకృత కేంద్రానికి పంపేవి. అది ఫోన్లకు పంపేది. ఫోన్లు మళ్లీ కార్యాలయాలకు పంపేవి. ఒకే శుభోదయం మూడు దారుల్లో వచ్చేది; మూడింటికీ వేరు వేరుగా అందినది రాయాలి. ధరల బోర్డు ఇప్పుడు లేవడమే మానేసింది. ప్రతి ఉదయం యార్డులో మండీ వాళ్లు చెప్పిందే రేటు. వాళ్లు సంతవాణికి శుభాకాంక్షలు తెలుపుతూ గేటు దగ్గర ఫ్లెక్సీ కూడా కట్టారు.

పెద్దక్క ఒకరోజు నేరుగా వకుళ గదికే వచ్చింది. బస్తా సంచి పక్కన పెట్టి నేల మీద కూలబడింది.

"ఏం జేస్తాండారమ్మా మీరంతా? ఇదివరకు ఒగ పెట్టె ఉన్నెప్పుడు రేటు కనపడతాండె. ఇప్పుడు ఊరూరా పెట్టెలంట. ఒగదాంట్లోనూ రేటు ల్యా."

"అవి ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటున్నాయి పెద్దక్కా."

"ఏమని?"

వకుళ ఆలోచించింది. "శుభోదయమని."

"పొద్దంతా?"

"పొద్దంతా."

"పాపం, నోరు నొయ్యదా వాటికి," అంది పెద్దక్క, ఆ పెట్టెల మీద జాలితో. "వద్దంటే వినవా?"

ఆ మాట వకుళను కుర్చీలోంచి లేపింది. వద్దనడం! కాలేజీలో తను గంటలకొద్దీ వాదించినదే అది. ఈ వ్యవస్థకు అసలు అర్థం పంపడంలో లేదు. ఏ సర్వరైనా ఇంకో సర్వరుతో, "నీ కబుర్లు నాకొద్దు" అనగలగడంలో ఉంది. దానికో బటన్ కూడా ఉంది. ఆదినుంచీ ఉంది. ఇంత పెద్ద శాఖలో ఎవరికీ అవసరమవుతుందని తోచక, శిక్షణలో ఆమే దాని గురించి చెప్పలేదు.

పులికొండకు ఫోన్ కలిపింది. "మేడం, మీ కార్యాలయం సార్వభౌమమని ఉత్తర్వులో ఉంది. గుర్తుందా?"

"ఉంది. అర్థం కాల్యా."

"అంటే ఎవరి కబుర్లు కావాలో, ఎవరివి వద్దో మీ సర్వరు ఇష్టం. వద్దనుకుంటే ఆపేయొచ్చు. మీరు ఆపేసినట్టు అవతలివాళ్లకు తెలియను కూడా తెలియదు."

"ఎవరివైనా ఆపొచ్చా?"

"ఎవరివైనా."

గౌసియా బేగం గొంతు బాగా తగ్గించింది. "కమిషనర్ సారువి?"

"ఆయనవి కూడా."

అవతల తలుపు మూసిన చప్పుడైంది. తర్వాత, చాలా మర్యాదగా, "మేడం, బటన్ యాడుంది?" అంది.

వకుళ అనుకున్నది ఒక్క పులికొండ ఆగితే కొంత బరువు తగ్గుతుందని. అంతవరకే. కానీ గౌసియా బేగంకు మనసులో ఏదీ దాచుకునే అలవాటు లేదు. పక్క ఊరి అధికారికి ఫోన్ చేసింది. ఆయన తన బావమరిదికి చేశాడు. మధ్యాహ్నం భోజనాల వేళకు అరవై కార్యాలయాలూ అరవై కార్యాలయాలనూ ఆపేశాయి. ఉత్సాహం పట్టలేక కొన్ని తమను తామే ఆపేసుకున్నాయి. ఉద్యోగులు ఫోన్లలోనూ అదే బటన్ వెతికి నొక్కారు. ప్రధాన కార్యాలయంలో కూడా ఒక్కొక్కరూ బల్ల కింద చెయ్యి పెట్టి నొక్కేశారు, తిప్పేస్వామి గారు తప్ప. ఆయనకు బటన్ సంగతి ఎవరూ చెప్పలేదు.

వికేంద్రీకృత కేంద్రం రొద తగ్గుతూ తగ్గుతూ ఆగిపోయింది. వకుళ చెవులకు మొదట ఏదో జబ్బు చేసిందనిపించింది. తర్వాత యార్డు రేకుల మీద పావురాల చప్పుడు వినపడింది. తెర మీద గీత నేలకు ఆనుకుని పడుకుంది. ధరల బోర్డు వెలిగింది. మరునాడు ఉదయం పాట వేళ కూడా వెలుగుతూనే ఉంది. యార్డులో పెద్దక్క ఫోను చూసుకుని, మండీ మనిషి ముఖం చూసి, "యాభై యెక్కువ చెప్పు, మాట్లాడుకుందాం," అనడం కిటికీలోంచి విని వకుళ కుర్చీలో గిర్రున ఒక చుట్టు తిరిగింది. ఎవరూ చూడలేదు కాబట్టి ఇంకో చుట్టు తిరిగింది.

ఆ సంతోషం మూడు ముద్దలు తినేలోపే ఆవిరైంది. జాతీయ మూల్యాంకన బృందం వస్తోందని కబురు. సంతవాణి బాగుందంటేనే శాఖకు పురస్కారం. బాగులేదంటే ముందు పోయేది ఇంజనీరు కాంట్రాక్టు. ఇప్పుడు బృందం ముందు నిలబెట్టడానికి ఉన్నది ఎవరూ ఎవరికీ వినపడని సామాజిక వేదిక.

బృందం అధ్యక్షురాలు త్రిపురాంబ గారు ఇలాంటివి చాలా చూసిన మనిషి. తెర ముందు కూర్చుని కళ్లు చిట్లించారు.

"సభ్యులు ఎంతమంది?"

"నూటికి నూరు శాతం మేడం," అన్నారు కమిషనర్ గారు.

"సర్వర్లన్నీ నడుస్తున్నాయా?"

"అన్నీ, మేడం."

"ఫిర్యాదులు?"

"ఒక్కటీ రాలేదు." అది నిజమే. ఫిర్యాదులు కూడా సంతవాణిలోనే రాయాలి.

"మరి బరువు సున్నా చూపిస్తోందేం? దేశమంతా తిరిగాను. ఇంతమంది సభ్యులతో ఇంత తేలిగ్గా నడిచేది ఎక్కడా చూడలేదు. ఏదీ, ఒక కబురు పంపి చూపించండి."

కమిషనర్ గారు తామరపువ్వుతో శుభోదయం పెట్టారు. అందరూ గీత వైపు చూశారు. గీత మూలన ఒక చిన్న మొటిమలా లేచి సద్దుమణిగింది. అది తిప్పేస్వామి గారి "అందినది".

"అద్భుతం," అన్నారు బృందంలో ఒకాయన.

త్రిపురాంబ గారు వకుళ వైపు తిరిగారు. "ఇంజనీరు మీరేనా? దీన్నెలా సాధించారు?"

వకుళకు చెప్పడానికి అందమైన అబద్ధాలు రెండు మూడు సిద్ధంగా ఉన్నాయి. కానీ ఆ ఉదయం యార్డులో పాట బాగా జరిగింది. ఆ ధైర్యంతో అనేసింది. "మేడం, ఎవరూ ఎవరి మాటా వినడం లేదు. అందరూ అందరినీ ఆపేశారు."

తిప్పేస్వామి గారు తడిగుడ్డతో నుదురు తుడుచుకున్నారు. వకుళ తన బల్ల సొరుగులో ఏమేం సొంతవి ఉన్నాయో గుర్తుచేసుకుంది: ఒక దువ్వెన, ఒక ఛార్జరు, సగం పల్లీచిక్కి.

త్రిపురాంబ గారు కలం తీశారు. పలుకుతూ రాశారు. "పరస్పర... జోక్యరాహిత్యం... సంపూర్ణంగా... సాధించబడినది."

నివేదిక అన్ని శాఖలకూ ఈ నమూనానే సిఫారసు చేసింది. పురస్కారం వచ్చింది, శాలువాతో సహా. వకుళ కాంట్రాక్టు రద్దు కాలేదు సరికదా, ఉద్యోగం ఖాయమైంది. కొత్త హోదా మౌన నిర్వహణాధికారి. ఆ ఉత్తర్వును చేతికి తెచ్చివ్వాల్సి వచ్చింది. సంతవాణిలో పంపితే ఎవరికీ అందలేదు.

కమిషనర్ గారికి ఇప్పుడు తీరిక ఎక్కువైంది. ఒక ఉదయం వకుళ కిటికీ దగ్గర నిలబడి యార్డులోకి చూశారు. రైతులంతా టెంపోల మధ్య నిలబడి ఫోన్లు చూసుకుంటున్నారు.

"వీళ్లు చూస్తున్నదేమిటి?"

"మన ధరల బోర్డు సార్."

"మనదా! ఇంతమంది చూస్తున్నారే! ఎవరు ప్రారంభించారు దీన్ని?"

"ఎవరూ ప్రారంభించలేదు సార్. చాలా ఏళ్లుగా నడుస్తోంది."

"ప్రారంభించకుండా నడవడమా?" ఆయన నిజంగా కలత చెందారు. "పైగా ఇంత మంచి వస్తువు ఒక్కచోటే..." అంటూ చెయ్యి కళ్లజోడు మీదికి పోనిచ్చారు.

"సార్!" వకుళ దాదాపు అరిచింది. "దీనికి కావాల్సింది ప్రారంభోత్సవం ఒక్కటే సార్. రిబ్బను కత్తిరిస్తే చాలు."

చెయ్యి ఆగింది. కళ్లజోడు ఉన్నచోటే ఉంది.

మరుసటి సంతరోజు యార్డులో షామియానా వేశారు. కుర్చీలు వేశారు. బోర్డు అనేది కంటికి కనిపించే వస్తువు కాదు కనుక రిబ్బను దేనికి కట్టాలన్న సమస్య వచ్చింది. చివరికి రైతుల తరఫున పెద్దక్క తన ఫోను ముందుకు చాచి పట్టుకుంటే, దాని చుట్టూ ఎర్ర రిబ్బను కట్టారు. తిప్పేస్వామి గారు పళ్లెంలో కత్తెర అందించారు. కమిషనర్ గారు కత్తెర పట్టుకుని, ముందుగా రెండు మాటలు చెబుతానన్నారు.

"వికేంద్రీకరణ అనగా ఏమి?" అని మొదలుపెట్టారు.

"సారూ, బిరీన కత్తిరించండి," అంది పెద్దక్క. "రిబ్బను అడ్డమొచ్చి రేటు కనపల్లేదు."

ఆయన కత్తిరించారు. చప్పట్లు మోగాయి. రిబ్బను జారిపోగానే పెద్దక్క తెర మీదికి వంగి చూసింది, డ్రైవరు వైపు తిరిగి చెయ్యి గుండ్రంగా తిప్పింది. "తిప్పరా బండి. పక్క యార్డులో నాలుగు నూర్లు."

కమిషనర్ గారు వికేంద్రీకరణ చారిత్రక నేపథ్యంలో ఉండగా మొదటి టెంపో గేటు వైపు కదిలింది. దాని వెనకే ఇంకోటి, దాని వెనక ట్రాక్టరు. మండీ మనిషి పంచె ఎగ్గట్టి టెంపో వెంట పరుగు లంకించుకున్నాడు.

"అక్కా! పెద్దక్కా! నాలుగు నూర్ల ఇరవై! ఆగు!"

పెద్దక్క తల బయటికి పెట్టింది. "యాభై!"

"సరే, యాభై! దింపు తల్లీ!"

టెంపో ఆగింది. షామియానా కింద వకుళ, తిప్పేస్వామి గారు, ఖాళీ కుర్చీలు మిగిలాయి. కమిషనర్ గారు కుర్చీలను ఉద్దేశించి మాట్లాడుతూనే ఉన్నారు. వకుళ మాత్రం లేచి, పెట్టెలు దింపడానికి ఒక చెయ్యి వేయడానికి వెళ్లింది.